కాకసస్ తివాచీలను చదవడం – 4వ పాఠం: పొడవును దేనితో నింపారు?

పోయిన పాఠంలో తివాచీని తిరగేసి ముడి, పడుగు, పేక చూశాం. ఈసారి ముందువైపు చూద్దాం. ఒక్క రకమే తీసుకుంటున్నాను: వెడల్పు మీటరు చుట్టుపక్కల, పొడవు రెండున్నర, మూడు మీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పాత తివాచీలు అమ్మేవాళ్లు వీటిని రన్నర్లు అంటారు. నల్లసముద్రానికీ కాస్పియన్ సముద్రానికీ మధ్య ఉన్న కాకసస్‌లో, 19వ శతాబ్దంలో, ఇప్పటి అజర్‌బైజాన్ ప్రాంతంలోని గెంజె, కరాబాగ్, షిర్వాన్, తాలిష్ వైపు ఇలాంటివి బాగా నేశారు. కజక్ తివాచీలు (ఇవీ కాకసస్‌వే, కజకిస్తాన్‌వి కావు) ఎక్కువగా పొట్టిగా, వెడల్పుగా ఉంటాయి కాబట్టి వాటిని ఇవాళ్టికి పక్కన పెడదాం.

కరాబాగ్‌లో గది మధ్యకు ఒక వెడల్పాటిది, దానికి రెండు పక్కలా సన్నటివి కలిపి సెట్టుగా నేసే అలవాటు ఉండేది. అమ్మకాల్లో అవి చెల్లాచెదురయ్యాయి. ఒంటరిగా కనిపించే రన్నర్‌కు ఎక్కడో ఒక జత ఉండి ఉండొచ్చు.

ఇక నేసే ఆమె ముందున్న చిక్కు చూడండి. ఒక్క పెద్ద పతకం (మెడాలియన్ అనే పెద్ద బొమ్మ) మధ్యలో వేస్తే రెండు కొసలూ బోసిగా మిగులుతాయి. మరి అంత పొడవును దేనితో నింపాలి? రన్నర్ కనిపించగానే మీరు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఊరి పేరు తర్వాత.

ఎక్కువమంది పతకాలను వరుసగా పేర్చారు. అక్‌స్తఫా పేరుతో అమ్మే షిర్వాన్ రన్నర్లలో నక్షత్రాల్లాంటి పతకాల పక్కన దువ్వెన తోకల పక్షులుంటాయి. వ్యాపారులు నెమళ్లంటారు, నా కంటికి మాత్రం కోళ్లే. గెంజెలో ఇంకో దారి పట్టారు: ఏటవాలు చారలు, వాటి నిండా చిన్న చిన్న మామిడిపిందెలు. చార చారకూ రంగు మారుతుంది కాబట్టి చూపు ఒకచోట ఆగదు, కిందినుంచి పైదాకా జారుకుంటూ పోతుంది.

తాలిష్ దగ్గర కాసేపు ఆగుదాం. కాస్పియన్ తీరాన, లెంకొరాన్ చుట్టుపక్కల ప్రాంతం ఇది. ఇక్కడి కొన్ని రన్నర్లలో మధ్యభాగాన్ని దాదాపు ఖాళీగా వదిలేశారు. ముదురు నీలం, అంతే. ఎక్కడో ఒకటీ అరా చిన్న గుర్తు. పనంతా అంచులోనే: తెల్లటి నేల మీద ఒక గుండ్రటి పువ్వు, పక్కన నాలుగు చిన్న గళ్ల గుత్తి, మళ్లీ పువ్వు. ఫొటోలో చూసి ఇందులో ఏముందని దాటేస్తారు చాలామంది. ఆ నీలాన్నే నెమ్మదిగా చూడండి. ఒక విడత రంగేసిన ఉన్ని అయిపోయి రెండో విడత మొదలైన చోట అడ్డంగా లేత, ముదురు పట్టీలు కనిపిస్తాయి. వీటిని అబ్రష్ అంటారు. డిజైన్ లేని చోట అబ్రషే డిజైన్ అయింది. మొత్తం కాకసస్ తివాచీల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే.

రెండో ప్రశ్న: నేత ఏ కొస నుంచి మొదలైంది? అరచేత్తో పొడవునా నిమరండి. నూగు నున్నగా వాలే వైపే మొదలు. ఆ కొస నుంచి చూస్తే రంగు ముదురుగా, రెండో కొస నుంచి చూస్తే లేతగా ఉంటుంది. ఇప్పుడు ముగింపు కొసకు వెళ్లండి. చివరి పతకం నలిగిపోయి ఉందా? అంచులోని పువ్వు మూల దగ్గర సగానికి తెగిందా? అంటే కాగితం మీద గీసుకోకుండా లెక్క మనసులో పెట్టుకుని నేసి ఉండొచ్చు. నేనైతే మూలలన్నీ కచ్చితంగా కుదిరిన దానికన్నా ఇలాంటిదానికే ఓటేస్తాను.

కొన్నిటిలో హిజ్రీ సంవత్సరం నేసి ఉంటుంది. క్రీస్తుశకంలోకి మార్చాలంటే అందులో నూటికి మూడు చొప్పున తీసేసి 622 కలపండి. 1300 అయితే 39 పోగా 1261, దానికి 622 కలిపితే 1883. బాకు, తిఫ్లిస్ (ఇప్పటి తబిలిసి) మధ్య రైలు మొదలైన ఏడాది అది. ఆ తర్వాతి దశాబ్దాల్లో బయటి మార్కెట్ కోసం నేత పెరిగింది, రసాయన రంగులూ చేరాయి. అందుకే పాత తేదీకి గిరాకీ. అరబీ అంకెల్లో 3కి ఉన్న ఒక పన్ను పీకేస్తే 2 అవుతుంది, తివాచీ వయసు దాదాపు వందేళ్లు పెరుగుతుంది! తేదీ చుట్టూ ముడులు కొత్తగా కనిపిస్తే నమ్మకండి.

అభ్యాసం: మ్యూజియంల వెబ్‌సైట్లలో నాలుగైదు కాకసస్ రన్నర్ల ఫొటోలు తీసుకోండి. కింద రాసిన పేరు చూడకుండా, పొడవును దేనితో నింపారో ఒక్కో వాక్యంలో రాయండి. తర్వాత రెండు కొసల్నీ పక్కపక్కన పెట్టి తేడాలు గుర్తించండి. ఆ కాగితం దాచి ఉంచండి. వచ్చే పాఠంలో అవే ఫొటోలతో రంగుల పని పడదాం.