బరువు తగ్గుతోందని చెకప్ మానకండి: తల్లులకు కొన్ని జాగ్రత్తలు

మూడు నెలల బాలింత. తొమ్మిది కిలోలు తగ్గింది. చూసినవాళ్లంతా భలే తగ్గావే అన్నారు. గుండెదడతో ఎమర్జెన్సీకి చేరాక గానీ థైరాయిడ్ పరీక్ష సంగతి ఎవరికీ తట్టలేదు. ఇలాంటి కబురు ఈమధ్య మళ్లీ వినబడింది. నడవండి, నీళ్లు తాగండి అని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఆ జోలికి పోవడం లేదు. తల్లులను ముంచే పొరపాటు ఒకటుంది: బరువు తగ్గుతోంది కదా, ఒంట్లో అంతా బాగానే ఉంటుందిలే అని చెకప్ మానేయడం.

తూకం

పొద్దున లేచి, మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, పలుచని బట్టల్లో చూసుకోవాలి. మిషన్ గట్టి నేల మీద ఉండాలి, తివాచీ మీద పెడితే అంకె తప్పుతుంది. పాలిచ్చేవాళ్లు ఇవ్వకముందు తూగితే రోజూ ముందే తూగాలి, ఇచ్చాకైతే రోజూ ఇచ్చాకే.

ఒక్కరోజు అంకెను నమ్మొద్దు. ఒంటికి నీరు పట్టినా, నెలసరి దగ్గరపడినా కిలో, రెండు కిలోలు ఇట్టే మారిపోతాయి. 68.4, 67.8, 68.9, 68.1, 68.6, 67.9, 68.3 అని వారం అంకెలున్నాయనుకోండి. మంగళవారం సంబరం, బుధవారం ఏడుపు. కూడి ఏడుతో భాగిస్తే 68.3. ఆ సగటునే పోయిన వారం సగటుతో పోల్చాలి. పక్కనే ఇంకో గడి గీసి, నిద్ర లేవగానే మంచం మీదే నాడి చూసి రాసుకోండి. బరువు దిగుతూ నాడి 100 దాటుతుంటే ఆ రెండు గడులూ కలిపి డాక్టర్‌కు చూపించండి.

మొదటి ఆరు వారాలు బరువు కోసం ఏమీ చేయొద్దు. ఆ తర్వాత పాలిచ్చే తల్లి వారానికి అర కిలో వరకు తగ్గితే ఫరవాలేదు. తిండి తగ్గించకుండానే అంతకన్నా వేగంగా జారిపోతుంటే రక్తపరీక్షకు వెళ్లాల్సిందే. బిడ్డలు పెద్దవాళ్లైన తల్లులకైతే ఆరు నుంచి పన్నెండు నెలల్లో కారణం లేకుండా 5 శాతం, అంటే 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గితే, కారణం వెతికించాలి.

పరీక్షలు

ముందు థైరాయిడ్. ప్రసవమైన తొలి ఆరు నెలల్లో కొందరికి ఆ గ్రంథి వాచి, అందులో నిల్వ ఉన్న హార్మోన్ రక్తంలోకి కారిపోతుంది. దడ, చెమట, చేతుల వణుకు, చిరాకు వస్తాయి, బరువు తగ్గుతుంది. పిల్లతో నిద్ర లేదు కదా అని సరిపెట్టుకుంటారు. కొన్నాళ్లకు నిల్వ అయిపోయి కథ తిరగబడుతుంది: నీరసం, మలబద్ధకం, బరువు పెరగడం. హార్మోన్ ఎక్కువ నుంచి తక్కువకు దిగే దారిలో పరీక్ష చేయిస్తే నార్మల్ అనే రావచ్చు. కాబట్టి లక్షణాలు పోకపోతే నాలుగు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 అనే థైరాయిడ్ రక్తపరీక్షలు మళ్లీ చేయించాలి. జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వాడుతున్నారా? పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అది లేని థైరాయిడ్ జబ్బును ఉన్నట్టు చూపిస్తుంది.

గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్లు ప్రసవమైన 4 నుంచి 12 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజ్ తాగి చేసే పరీక్ష చేయించాలి. ఆ రోజుల్లో మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ ఒక్కటే చూసి ఊరుకోవద్దు, ప్రసవంలో రక్తం పోయుంటే ఆ అంకె మోసం చేస్తుంది. నార్మల్ వచ్చినా ఏడాదికో, మూడేళ్లకో జీవితాంతం చూపించుకుంటూనే ఉండాలి. బిడ్డ పుట్టాక షుగర్ పోయింది, పైగా బరువు కూడా తగ్గాను అంటారు. మళ్లీ అదే పొరపాటు! అదుపు తప్పిన షుగర్ కూడా బరువు తగ్గిస్తుంది. దాహాన్ని పాలిచ్చే దాహం అనుకుంటారు.

ఇక మిగతావి

- ప్రసవమైన ఆరు వారాల దాకా బీపీ ఎగబాకవచ్చు, గర్భంతో ఉన్నప్పుడు బీపీ లేనివాళ్లకు కూడా. 160/110 దాటినా, వదలని తలనొప్పి, మసక చూపు ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు.
- పాలిస్తూ కీటో డైట్ (అన్నం, రొట్టె దాదాపు మానేసి కొవ్వు ఎక్కువ తినడం) వద్దు. రోజంతా ఉపవాసాలూ వద్దు. పాలకు గ్లూకోజ్ పోతూ, తిండిలో రాకపోతే రక్తం ఆమ్లమయమయ్యే ప్రమాదం ఉంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కలిసి వస్తే డైట్ సంగతి మొదటి మాటగా డాక్టర్‌కు చెప్పండి.
- ఇంకొకరికి రాసిన బరువు తగ్గే ఇంజెక్షన్ వేసుకోవద్దు.
- మళ్లీ బిడ్డ కావాలనుకుంటే బరువు తగ్గే మందు సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. అలాంటిదే ఇంకో మందు టిర్జెపటైడ్ మొదలుపెట్టిన నాలుగు వారాలూ, డోసు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలూ గర్భనిరోధక మాత్రలను మాత్రమే నమ్ముకోవద్దు.
- బరువు తగ్గడం ఉన్నట్టుండి ఆగిపోయిందా? నెలసరి తిరిగి రాకముందే గర్భం రావచ్చు. ముందు ఆ పరీక్ష.
- వారానికి కిలోన్నర చొప్పున దిగితే పిత్తాశయంలో రాళ్లు పడే ముప్పు పెరుగుతుంది. పోటీలు పెట్టుకోకండి.
- రొమ్ములో గడ్డ రెండు వారాలైనా కరగకపోతే పాల గడ్డే అనుకుని కూర్చోవద్దు. స్కాన్ చేయించండి.
- ఆకలి చచ్చి, బిడ్డ పడుకున్నా నిద్ర పట్టక చిక్కిపోతున్న తల్లిని ఎవరూ మెచ్చుకోకండి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.
- బరువు తగ్గిందని బీపీ మాత్ర, థైరాయిడ్ మాత్ర సొంతంగా ఆపొద్దు. డోసు మార్చాల్సి రావచ్చు, అది పరీక్ష చూసి డాక్టర్ చెప్పాలి.
- బరువు తగ్గిందని చెకప్ వాయిదా వేయొద్దు. ఎన్నిసార్లు చెప్పినా ఇదే.
- బిడ్డ టీకా తేదీ ఎవరూ మరిచిపోరు. మీ బీపీ, రక్తపరీక్ష కూడా ఆ రోజే పెట్టుకోండి.
- అంతా నార్మలే అని ఫోన్లో చెబితే సరే అనొద్దు. కాగితం తెచ్చుకుని తేదీ, అంకె, ల్యాబ్ ఇచ్చిన పరిధి బరువు రాసే నోట్‌బుక్‌లోనే రాయండి.