పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ అప్‌గ్రేడ్‌కు ముందు: తెర నల్లబడకుండా జాగ్రత్తలు

ఉబుంటు 22.04 నుంచి 24.04కు మారబోతున్నారా? ల్యాప్‌టాప్ పదేళ్ల కిందటిదైతే ముందు ఇవి చూసుకోండి.

– పాత కెర్నల్‌ను (లినక్స్ మూల ప్రోగ్రామ్) తీసేయకండి. అప్‌గ్రేడ్ చివర్లో పనికిరాని ప్యాకేజీలు తొలగించాలా అని అడుగుతుంది, అప్పటికి వద్దనండి. కొత్త కెర్నల్‌తో తెర రాకపోతే, గ్రబ్ మెనూ (కంప్యూటర్ మొదలవుతున్నప్పుడు వచ్చేది) లోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి వెనక్కి వెళ్లే సులువైన దారి అదే.

– ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంటే, ఒకప్పుడు వేసిన కంపెనీ డ్రైవర్ ఆనవాళ్లు వెతకండి. డ్రైవర్ తీసేసినా, డ్రైవర్ల సెట్టింగులుండే మోడ్‌ప్రోబ్ ఫోల్డర్లో (/etc/modprobe.d) నూవో డ్రైవర్‌ను (ఎన్విడియా కార్డులకు లినక్స్‌తో వచ్చే ఉచిత డ్రైవర్) అడ్డుకునే ఒక్క వాక్యం మిగిలిపోవచ్చు. తెర అమరికలుండే పాత ఎక్సార్గ్ కాన్ఫిగరేషన్ ఫైలు (xorg.conf) కూడా అంతే. నేను ఒక పూట మొత్తం కార్డునే అనుమానించి, చివరికి ఆ ఫైలు పేరు మార్చగానే డెస్క్‌టాప్ చూశాను.

– నోమోడ్‌సెట్ (nomodeset, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పక్కనపెట్టి సాదా తెరతో మొదలుపెట్టించే ఆప్షన్) వాడటం ముందే నేర్చుకోండి. గ్రబ్‌లో 'ఇ' నొక్కి, linux అని మొదలయ్యే వరుస చివర దాన్ని చేర్చి, ఎఫ్10 నొక్కాలి. అది ఆ ఒక్కసారికే. శాశ్వతంగా ఉంచితే గ్రాఫిక్స్ పనంతా ప్రాసెసర్ మీద పడి, వీడియో నత్తనడక నడుస్తుంది.

– తెర నల్లగా ఉంటే టార్చి వేసి చూడండి. బొమ్మ లీలగా కనిపిస్తే లోపం తెర వెనక వెలుగునిచ్చే బ్యాక్‌లైట్‌ది.

– కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే అక్షరాల తెర వస్తుందేమో ఇప్పుడే పరీక్షించండి. లాగిన్ పేరు, పాస్‌వర్డ్ చూడకుండా కొట్టగలగాలి.