ఇరుక్కున్న యురేటర్ రాయిని దాటడానికి ఏ గైడ్‌వైర్?

నెలల తరబడి ఒకేచోట ఉన్న రాయి చుట్టూ యురేటర్ (కిడ్నీ నుంచి మూత్రాశయానికి మూత్రం తెచ్చే గొట్టం) గోడ వాచిపోతుంది, ఒక్కోసారి పాలిప్‌లు (కండ మొలకలు) కూడా లేస్తాయి. అక్కడ బలం పెడితే గైడ్‌వైర్ (పరికరాలకు దారి చూపే సన్నని తీగ) రాయి పక్క నుంచి కాక గోడలోకి దూరుతుంది. అందుకే వైరు పట్టుకునే ముందే 5 ఫ్రెంచ్ (మందం కొలత) ఓపెన్-ఎండ్ కేథటర్‌ను, అంటే కొన తెరిచి ఉన్న సన్నని గొట్టాన్ని, రాయికి కాస్త కింద ఆపి, కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో కనిపించే ద్రవం) మెల్లగా ఎక్కించండి. సన్నని గీతలా పైకి పాకితే దారి ఏ పక్కన ఉందో తెలుస్తుంది.

పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) పూత ఉన్న 0.035 అంగుళాల స్టీల్ వైరు చవక, పెట్టినచోట నిలుస్తుంది. కానీ ఇరుక్కున్న రాయి దగ్గర దాని కొన చుట్ట చుట్టుకుని కిందికి తిరుగుతుంది. రెండుసార్లు అలా తిరిగితే మూడోసారి తోయకండి.

అప్పుడు హైడ్రోఫిలిక్ వైరు తీయాలి, ఓటీలో ‘టెరుమో’ అని కంపెనీ పేరు చెబితే చాలు అందరికీ తెలుస్తుంది. లోపల నిటినాల్ (నికెల్-టైటానియం మిశ్రలోహం), పైన నీరు తగిలితే జారే పూత. వంపు కొన ఉన్నదే ఎంచుకోండి. సెలైన్‌తో బాగా తడపండి. ఆరితే అంటుకుంటుంది, అప్పుడు చేతికి తెలిసేది రాయి అడ్డమో, వైరు బిగుసుకోవడమో అర్థం కాదు. కేథటర్‌ను వెనుకే దన్నుగా ఉంచి, టార్క్ డివైస్‌తో (వైరును పట్టి తిప్పే చిన్న పిడి) తిప్పుతూ మిల్లీమీటర్ల లెక్కన ముందుకూ వెనక్కూ ఆడించండి. లోహపు సూదిలోంచి మాత్రం వెనక్కి లాగకూడదు, పూత చీరుకుపోతుంది.

హైబ్రిడ్ వైరుకు కొన హైడ్రోఫిలిక్, ఒళ్లు పీటీఎఫ్‌ఈ. దాటేదీ నిలిచేదీ అదే కాబట్టి మార్చే పని తప్పుతుంది, ధర మాత్రం ఎక్కువ. సూపర్ స్టిఫ్ వైరుతో రాయిని దాటే ప్రయత్నమే వద్దు. దారి దొరికాక షీత్ (పరికరాలు పోయే తొడుగు గొట్టం) ఎక్కించడానికే అది.

వైరు పైకి పోయిందంటే దాటినట్టు కాదు. సి-ఆర్మ్‌లో (ఓటీలోని ఎక్స్‌రే యంత్రం) చూస్తే కొన కిడ్నీ పెల్విస్‌లో (కిడ్నీలో మూత్రం చేరే చోటు) గుండ్రంగా చుట్టుకోవాలి. గోడలోకి పోయిన వైరు అలా చుట్టుకోదు. దానిపై కేథటర్ ఎక్కించి, వైరు తీసి, మూత్రం చుక్కలుగా పడుతోందో లేదో చూడండి. పడితే పీటీఎఫ్‌ఈ వైరు పెట్టి సేఫ్టీ వైరుగా (దారి పోకుండా ఉంచే వైరు) డ్రేప్‌కు (రోగిపై కప్పే గుడ్డ) బిగించండి. హైడ్రోఫిలిక్ వైరును అక్కడ వదిలేస్తే చూస్తుండగానే జారి బయటికొస్తుంది.

చీము వస్తే రాయి పగలగొట్టవద్దు: కల్చర్‌కు పంపి, డీజే స్టెంట్ (కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా ఉండే గొట్టం) వేసి ఆగండి. ఏ వైరూ దాటకపోతే యురేటెరోస్కోప్‌తో (యురేటర్‌లోకి పంపి చూసే సన్నని స్కోప్) రాయి దాకా వెళ్లి కంటితో చూస్తూ పక్క సందులోంచి ప్రయత్నించండి. అదీ కుదరకపోతే నెఫ్రోస్టమీ (చర్మం గుండా కిడ్నీలోకి గొట్టం) వేసి పై నుంచి రండి.