నెట్ లేకుండా యానిమేషన్ ఫైళ్లు చూడాలంటే: ఏ ఫైల్‌కి ఏ ఉచిత సాఫ్ట్‌వేర్

యానిమేషన్ ఫైల్ తెరుచుకోకపోతే చాలామంది వెంటనే ప్లేయర్ కోసం వెతకడం మొదలుపెడతారు. ముందు ఆ ఫైల్ ఏ జాతిదో తేల్చుకోవాలి. ఒక రకం ఫైళ్లలో ఫ్రేములన్నీ, అంటే ఒకదాని వెంట ఒకటి చూపించే బొమ్మలన్నీ, ముందే గీసి ఉంటాయి. జిఫ్, ఏపీఎన్‌జీ, వెబ్‌పీ, మామూలు వీడియోలు ఇలాంటివే. రెండో రకంలో ముందే గీసిన ఫ్రేములు ఉండవు, వాటిని ఎలా గీయాలో చెప్పే సూచనలు ఉంటాయి. ఫ్లాష్ ఎస్‌డబ్ల్యూఎఫ్, యాప్‌లు, వెబ్‌సైట్లలో వాడే లాటీ, కదిలే ఎస్‌వీజీ ఈ కోవలోకి వస్తాయి. మూడోది తయారీ ప్రాజెక్ట్ ఫైల్: బ్లెండర్, క్రిటా, ఓపెన్‌టూంజ్ లాంటి సాఫ్ట్‌వేర్ల సొంత ఫైళ్లు. మొదటి రకానికి బ్రౌజర్ గానీ మంచి ప్లేయర్ గానీ చాలు. రెండోదానికి ఆ సూచనలు అర్థం చేసుకునే ఇంజిన్ కావాలి. మూడోదానికి తయారుచేసిన సాఫ్ట్‌వేరే కావాలి.

ఫైల్ పేరును గుడ్డిగా నమ్మొద్దు. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేస్తే అసలు ఎక్స్‌టెన్షన్ కనిపిస్తుంది. అదీ తప్పు కావచ్చు. చాలా మెసేజింగ్ యాప్‌లు జిఫ్ అని చూపించే క్లిప్ నిజానికి ఎంపీ4. వెబ్ నుంచి జిఫ్ పేరుతో సేవ్ అయినది లోపల వెబ్‌పీ అయి ఉండొచ్చు. అనుమానం వస్తే ఫైల్‌కి ఒక కాపీ తీసి, ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి అక్షరాలు చూడండి. జిఫ్ అయితే జీఐఎఫ్ అనే అక్షరాల పక్కన 87ఏ లేదా 89ఏ ఉంటుంది. వెబ్‌పీ అయితే మొదట ఆర్ఐఎఫ్ఎఫ్, కాస్త అవతల వెబ్‌పీ అని ఉంటుంది. ఫ్లాష్ అయితే ఎఫ్‌డబ్ల్యూఎస్, సీడబ్ల్యూఎస్, జెడ్‌డబ్ల్యూఎస్‌లలో ఒకటి. పీకే అని మొదలైతే అది జిప్. చూశాక సేవ్ చేయకుండా మూసేయండి, సేవ్ చేస్తే ఆ కాపీ పాడవుతుంది.

జిఫ్ విషయానికొస్తే, అందరి దగ్గరా ఉన్న బ్రౌజరే మంచి వ్యూయర్. ఫైర్‌ఫాక్స్ గానీ క్రోమ్ గానీ తెరిచి కంట్రోల్, ఓ నొక్కి ఫైల్ ఎంచుకోండి, లేదా ఫైల్‌ని ఖాళీ ట్యాబ్ మీదికి లాగి వదలండి. నెట్ అక్కర్లేదు. జిఫ్, ఏపీఎన్‌జీ, వెబ్‌పీ, కదిలే ఎస్‌వీజీ నాలుగూ ఆడతాయి. ఏపీఎన్‌జీ క్రోమ్‌లో 2017లో వచ్చిన 59వ వెర్షన్ నుంచి, కదిలే వెబ్‌పీ ఫైర్‌ఫాక్స్‌లో 2019 నాటి 65వ వెర్షన్ నుంచి ఆడుతున్నాయి. అంతకంటే పాత బ్రౌజర్ ఉన్న కంప్యూటర్‌లో ఇవి కదలకపోతే ఆశ్చర్యం లేదు.

కదలకుండా ఒకే బొమ్మ కనిపిస్తే తప్పు సాధారణంగా వ్యూయర్‌ది. విండోస్ ఫొటో వ్యూయర్ జిఫ్‌లో మొదటి ఫ్రేమ్ మాత్రమే చూపిస్తుంది. మ్యాక్‌లో ప్రివ్యూ ఫ్రేములను విడివిడి పేజీల్లా పెడుతుంది, ఫైల్ ఎంచుకుని స్పేస్ బార్ నొక్కితే కదులుతుంది. ఏపీఎన్‌జీ తెలియని సాఫ్ట్‌వేర్ దాన్ని మామూలు పీఎన్‌జీ అనుకుని మొదటి బొమ్మ దగ్గర ఆగిపోతుంది. ఆ ఫార్మాట్‌ను అలాగే రూపొందించారు, కాబట్టి ఎర్రర్ కూడా రాదు.

ఒక్కసారి ఆడి ఆగిపోయే జిఫ్ పాడైనట్టు కాదు. మళ్లీ మళ్లీ ఆడమనే సూచన అందులో లేదంతే. ఎఫ్5 నొక్కితే మళ్లీ మొదలవుతుంది. ఒక బ్రౌజర్‌లో నత్తనడకన, ఇంకో వ్యూయర్‌లో పరుగున ఆడుతుంటే దానికీ కారణం ఉంది. జిఫ్‌లో ప్రతి ఫ్రేమ్ ఎంతసేపు నిలవాలో సెకనులో నూరో వంతుల లెక్కన రాసి ఉంటుంది. ఆ అంకె 0 లేదా 1 అయితే బ్రౌజర్లు దాన్ని 10గా తీసుకుంటాయి, అంటే సెకనుకు 10 ఫ్రేములే. ఒక్కో ఫ్రేమ్ పరిశీలించాలంటే గింప్ అనే ఉచిత బొమ్మల ఎడిటర్‌లో తెరవండి. ఫ్రేములు లేయర్లుగా విడిపోతాయి, ప్రతి లేయర్ పేరులోనూ దాని సమయం మిల్లీసెకన్లలో ఉంటుంది. ఫిల్టర్స్, యానిమేషన్, ప్లేబ్యాక్‌కి వెళ్తే ఆడించి చూడొచ్చు.

వీడియో రూపంలో ఉన్న యానిమేషన్‌కి వీఎల్‌సీ చాలు. యానిమేషన్‌ను కదలిక కదలికగా చూడాలనుకునేవారికి మాత్రం ఎంపీవీ అనే ఉచిత ప్లేయర్ ఇంకా మేలు. ఫుల్‌స్టాప్ కీ ఒక ఫ్రేమ్ ముందుకు, కామా కీ ఒక ఫ్రేమ్ వెనక్కి తీసుకెళ్తాయి. చదరపు బ్రాకెట్లతో వేగం తగ్గుతుంది, పెరుగుతుంది. షిఫ్ట్‌తో ఎల్ నొక్కితే ఫైల్ మొత్తం లూప్ అవుతుంది, అంటే మళ్లీ మళ్లీ ఆడుతుంది. షిఫ్ట్ లేకుండా ఎల్ ఒకసారి నొక్కితే ముక్క మొదలు, రెండోసారి నొక్కితే చివర గుర్తుపడి ఆ ముక్క మాత్రమే లూప్ అవుతుంది, రెండూ కలిపేసుకోకండి. వీఎల్‌సీలో అయితే ఇంగ్లీష్ అక్షరం E ఉన్న కీ ఒక ఫ్రేమ్ ముందుకు జరుపుతుంది. పాత ఆటోడెస్క్ యానిమేటర్ ఎఫ్ఎల్ఐ, ఎఫ్ఎల్‌సీ ఫైళ్లు, క్విక్‌టైమ్ యానిమేషన్ కోడెక్‌తో చేసిన ఎంఓవీ ఫైళ్లు ఎంపీవీలో నేరుగా ఆడతాయి. కోడెక్ (వీడియోను విప్పి చూపించే భాగం) ప్యాక్‌లు వేసుకోవద్దు. ఈ రెండు ప్లేయర్లలో కోడెక్‌లు లోపలే ఉంటాయి, బయటి ప్యాక్‌లు సిస్టమ్‌లో ఉన్న మిగతావాటిని చెడగొట్టొచ్చు.

బొమ్మల వరసగా ఫోల్డర్ నిండా పీఎన్‌జీలు వస్తే, అంకెలు 0001, 0002 అని సమాన పొడవులో ఉన్నాయా చూడండి. 1, 2, 10 అని ఉంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు 1 తర్వాత 10ని ఆడించేస్తాయి. డీజేవీ అనే ఉచిత ప్లేయర్‌లో ఒక బొమ్మ తెరిస్తే మిగతా వరసను అదే పట్టుకుంటుంది. ఫ్రేమ్ రేటు మాత్రం బొమ్మల్లో ఉండదు, తయారుచేసినవారిని అడిగి 24 లేదా 25 అని మీరే పెట్టుకోవాలి.

ఇక ఫ్లాష్. ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే, మోసపోయేదీ ఇక్కడే. అడోబీ ఫ్లాష్ ప్లేయర్‌కు 2020 డిసెంబర్ 31తో మద్దతు ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయర్ ఫ్లాష్ కంటెంట్‌ను అడ్డుకుంటోంది. ఇప్పటికీ ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ అంటూ ఎవరైనా ఇచ్చే ఇన్‌స్టాలర్‌ను ముట్టుకోవద్దు. దాని బదులు రఫుల్ వాడండి. ఇది ఫ్లాష్ ప్లేయర్ పనిని తానే చేసే ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ డెస్క్‌టాప్ వెర్షన్ ఉంది. దాన్ని తెరిచి ఫైల్, ఓపెన్‌లో ఎస్‌డబ్ల్యూఎఫ్ ఎంచుకుంటే చాలు.

ఫ్లాష్ ప్రోగ్రామింగ్ భాష యాక్షన్‌స్క్రిప్ట్ 1, 2 వెర్షన్లతో చేసిన పాత కార్టూన్లు రఫుల్‌లో చాలావరకు సరిగ్గా ఆడతాయి. యాక్షన్‌స్క్రిప్ట్ 3 వాడినవాటిలో కొన్ని ఇంకా తడబడతాయి, కాబట్టి కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మార్చుకోండి. లోడింగ్ గీత దగ్గరే ఆగిపోతే ఆ ఎస్‌డబ్ల్యూఎఫ్ ఇంకో ఫైల్ కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. శబ్దం, ఎక్స్ఎంఎల్, రెండో ఎస్‌డబ్ల్యూఎఫ్ ఏవి ఉన్నా అసలు పేర్లు మార్చకుండా అదే ఫోల్డర్‌లో పెట్టండి. అవి వెబ్‌సైట్ నుంచే రావాల్సినవైతే ఆఫ్‌లైన్‌లో ఆడవు. విండో నల్లగా ఉండిపోతే గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేసి చూడండి, లేదా రఫుల్ ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ బ్యాకెండ్ మార్చండి. ఎఫ్ఎల్‌వీ అనేది వేరు, అది ఫ్లాష్ వీడియో, వీఎల్‌సీలో ఆడుతుంది. ఈఎక్స్ఈగా వచ్చిన ఫ్లాష్ కార్టూన్ అసలు ఒక ప్రోగ్రామ్. నమ్మకమైన చోటి నుంచి రాకపోతే తెరవొద్దు.

లాటీ ఫైల్ జేసన్‌గా, అంటే అక్షరాల్లో రాసిన డేటాగా ఉంటుంది. బ్రౌజర్‌లో నేరుగా తెరిస్తే అక్షరాలే కనిపిస్తాయి. గ్లాక్స్‌నిమేట్ అనే ఉచిత ఎడిటర్‌లో తెరిస్తే కదులుతుంది. టెలిగ్రామ్ స్టిక్కర్ల టీజీఎస్ కూడా అందులోనే తెరుచుకుంటుంది, ఎందుకంటే అది గ్జిప్ చేసిన లాటీయే. హెచ్‌టీఎంఎల్ పేజీగా ఇచ్చిన యానిమేషన్ డబుల్ క్లిక్ చేస్తే తెల్లగా ఉండిపోవడం మామూలే. డిస్క్ నుంచి నేరుగా తెరిచిన పేజీని పక్క ఫైళ్లు చదవనివ్వకుండా బ్రౌజర్ భద్రత కోసం ఆపుతుంది. కంప్యూటర్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉంటే అందులోని చిన్న హెచ్‌టీటీపీ సర్వర్‌ను ఆ ఫోల్డర్‌లో నడిపి, బ్రౌజర్ అడ్రస్ బార్‌లో localhost:8000 అని కొట్టి తెరవండి. ఇదంతా మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది, నెట్ అవసరం లేదు.

త్రీడీలో జీఎల్‌బీ, ఎఫ్‌బీఎక్స్, అలెంబిక్ ఫైళ్లు చూడటానికి మాత్రమే అయితే ఎఫ్3డీ అనే ఉచిత వ్యూయర్ తేలిక. ఫైల్‌ని లాగి వదిలి స్పేస్ నొక్కితే ఆడుతుంది. బ్లెండ్ ఫైల్‌కి మాత్రం బ్లెండరే కావాలి. అక్కడా స్పేసే ప్లే. బ్లెండర్‌లోకి ఇంపోర్ట్ చేసిన యానిమేషన్ మధ్యలో తెగిపోతే టైమ్‌లైన్‌లో ఎండ్ అంకె చూడండి, కొత్త సీన్‌కి అది 250గా ఉంటుంది. వేగం తేడాగా ఉంటే ఫ్రేమ్ రేటు సరిచేయండి, మొదట 24 ఉంటుంది. వస్తువులు గులాబీ రంగులో మెరిస్తే వాటి పైపూతగా వేసే టెక్స్‌చర్ బొమ్మలు దొరకలేదని అర్థం. ఫైల్, ఎక్స్‌టర్నల్ డేటా, ఫైండ్ మిస్సింగ్ ఫైల్స్‌లో ఆ ఫోల్డర్ చూపించండి. పైథాన్ స్క్రిప్ట్ నడపాలా అని అడిగితే, ఫైల్ ఎవరిదో తెలిస్తే తప్ప ఒప్పుకోవద్దు.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ఏఈపీ, ఫ్లాష్ ఎఫ్ఎల్ఏ లాంటివి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా తెరుచుకుంటాయన్న నమ్మకం లేదు. ఎంపీ4గా రెండర్ చేసి పంపమని అడగడమే మేలైన దారి.

డౌన్‌లోడ్ మాటకొస్తే, ఎప్పుడూ ఆ సాఫ్ట్‌వేర్ సొంత సైట్ లేదా అక్కడి నుంచి లింక్ ఇచ్చిన గిట్‌హబ్ రిలీజెస్ పేజీ నుంచే తెచ్చుకోండి. వీఎల్‌సీ, బ్లెండర్, రఫుల్‌లకు ఇన్‌స్టాల్ అక్కర్లేని జిప్ రూపం దొరుకుతుంది. నెట్ ఉన్న చోట దింపి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లొచ్చు. ఇర్ఫాన్‌వ్యూ కూడా మంచి వ్యూయరే, కానీ వ్యాపారేతర వాడకానికి మాత్రమే ఉచితం, ఆఫీసుకు లైసెన్స్ కొనాలి. అన్నీ సిద్ధం చేశాక వైఫై ఆపేసి, మీ దగ్గరున్న ప్రతి రకం ఫైల్‌నీ ఒకసారి తెరిచి చూడండి. ఏ ఫైల్ లోపల్లోపల నెట్ మీద ఆధారపడుతోందో అప్పుడే బయటపడుతుంది.