విడిపోయాక పిల్లల అదనపు ఖర్చులు ఎలా పంచుకోవాలి?

నెలనెలా ఇచ్చే డబ్బు గురించి ఏళ్ల తరబడి గొడవపడేవాళ్లని నేను పెద్దగా చూడలేదు. ఆ అంకె ఒకసారి తేలితే తేలినట్టే. మళ్లీ మళ్లీ మంట రేపేవి దానికి బయట వచ్చే ఖర్చులు. కళ్లద్దాలు, పంటికి క్లిప్పులు, స్కూల్ టూర్, ఎంట్రన్స్ కోచింగ్ లాంటివి. ఎనిమిదేళ్లుగా నా ఇద్దరు పిల్లల ఖర్చులు వాళ్ల నాన్నతో పంచుకుంటున్నాను. ఆయన విశాఖలో ఉంటారు, మేం విజయనగరంలో. చుట్టాల్లోనూ మా వీధిలోనూ మరో ఐదారు జంటలకి దగ్గరుండి కాగితం రాయించాను. దాదాపు అందరూ ఒకే చోట చెడగొట్టుకుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

కావలసినవి

రూళ్ల లాంగ్ బుక్ ఒకటి, బిల్లులకి ఒక ఫైలు, ఇద్దరి ఫోన్లలో వాట్సాప్, డబ్బు వేయడానికి ఫోన్‌పే లాంటిది. ఎక్సెల్ షీట్లు వద్దు. లాంగ్ బుక్ అయితే ఇంట్లో ఎవరైనా తెరిచి చూడగలరు. మందుల షాపు బిల్లుని కొన్న రోజే ఫోటో తీయండి. ఆ నున్నటి కాగితం మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. మొదటి ఏడాది నా ఫైల్లో సగం బిల్లులు తెల్ల కాగితాలై మిగిలాయి.

ఏది అదనం?

తిండి, రోజువారీ బట్టలు, నోటు పుస్తకాలు, ఆటో ఛార్జీలు నెల డబ్బులోనివి. స్కూల్ ఫీజు, వైద్యం, కోచింగ్, టూర్లు అదనం. కానుకలు రెండింటిలోకీ రావు. సిరిమాను పండగకి నాన్న కొన్న గౌను నాన్న కానుకే, దాన్ని లెక్కలో రాయకూడదు. సంక్రాంతి బట్టలకీ అంతే.

తల్లికి వందనం, అంటే బడికెళ్లే పిల్లల తల్లికి రాష్ట్ర ప్రభుత్వం వేసే డబ్బు, దాని సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. 2025లో ఒక్కో విద్యార్థికి 15,000 రూపాయలని ప్రకటించి, అందులో 2,000 బడి నిర్వహణకి ఉంచి, 13,000 తల్లి ఖాతాలో వేశారు. చాలామంది అక్కచెల్లెళ్లు ఈ మాట ఎత్తరు. ఎత్తాలి. స్కూల్ ఖర్చులోంచి ముందు ఆ డబ్బు తీసేసి, మిగిలిందే పంచుకోవాలి. దాచారని ఒకసారి బయటపడితే ఆ తర్వాత మీరు చూపించే ఏ బిల్లునీ అవతలివాళ్లు నమ్మరు.

వాటా

సగం సగం వద్దు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ నెలకి 18,000 వచ్చే మనిషికీ 42,000 వచ్చే మనిషికీ సగం సగం పెడితే, తక్కువ సంపాదించేవాళ్లు ఎంత భరించగలరో అక్కడికే పిల్లల చదువు ఆగిపోతుంది. రెండు ఆదాయాలూ కలపండి, 60,000. అందులో ఒకరిది 30 శాతం, ఇంకొకరిది 70 శాతం. 2,400 రూపాయల కళ్లద్దాలకి ఒకరు 720, ఇంకొకరు 1,680. అంతే లెక్క.

మా వైపు ఇలాంటివి పెద్దమనుషుల్లో పెట్టి మాట్లాడటం అలవాటు. "గుంటలకి లోటు రానీయడులే అమ్మా" అని ఒక పెద్దాయన భరోసా ఇస్తారు. గుంటలంటే మా యాసలో పిల్లలు. ఆయన మనస్ఫూర్తిగానే అంటారు. కానీ లోటంటే ఎంతో, ఏ తేదీకి ఇవ్వాలో ఆ మాటలో ఉండదు. పెద్దలు కూర్చోవడం మంచిదే, కానీ లేచే ముందు కాగితం మీద శాతం పడాలి, కింద ఇద్దరి సంతకాలుండాలి.

ఖర్చు పెట్టే ముందు అడగడం

అందరూ తప్పేది ఇక్కడే. ఖర్చు పెట్టేసి, తర్వాత బిల్లు పంపుతారు. అవతలి మనిషికి అది బిల్లులా కనిపించదు, శిక్షలా కనిపిస్తుంది.

ఈ తప్పు నేనూ చేశాను. మా వాడు ఐదో తరగతిలో ఉండగా కోరుకొండ సైనిక్ స్కూల్ ఎంట్రన్స్ కోచింగ్‌కి 14,000 కట్టేసి, సాయంత్రం రసీదు ఫోటో పంపాను. మంచి పని చేశానన్న ధీమా నాది. ఆయన కట్టనన్నారు. ఏడాది పాటు మా మధ్య మాటల్లేవు. చాలా రోజులకి తెలిసింది, హాస్టల్లో ఉండటం ఇష్టం లేదని వాడు నాన్నతో చెప్పుకున్నాడట. నాతో చెప్పడానికి భయపడ్డాడు. ముందే అడిగి ఉంటే ఆ సంగతి ఆ రోజే తెలిసేది.

అందుకని పద్ధతి ఇది. 500 రూపాయల లోపు ఖర్చుకి అడగక్కర్లేదు, పుస్తకంలో రాస్తే చాలు. అది దాటితే ముందు మెసేజ్ పెట్టాలి. ఫోన్ చేయకండి. ఫోన్‌లో గొంతు మారుతుంది, గొంతు మారితే పాత విషయాలన్నీ బయటికొస్తాయి. మెసేజ్‌లో నాలుగు సంగతులే ఉండాలి: ఏమిటి, ఎందుకు, ఎంత, ఎప్పటిలోగా. నేను నిజంగా పంపినది ఇది:

"పాపకి బోర్డు మీద అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయని టీచర్ చెప్పారు. శనివారం కంటి డాక్టరుకి చూపించాను, చీటీ ఫోటో పెట్టాను. అద్దాలు, ఫ్రేము కలిపి 2,400 అవుతుంది. మీ వాటా 1,680. బుధవారం లోపు చెప్పండి."

ఇంతకు మించి ఒక్క ముక్క వద్దు. "మీకెలాగూ పట్టదు కదా" అన్న వాక్యం వేళ్ల చివరిదాకా వస్తుంది. రానివ్వకండి. ఆ ఒక్క వాక్యంతో డబ్బు గురించి అడిగిన మెసేజ్ కాస్తా పెళ్లి గురించి అడిగినట్టు అవుతుంది. జవాబు కూడా పెళ్లి గురించే వస్తుంది. రాత్రి తొమ్మిది దాటాక అసలు పంపొద్దు.

జవాబుకి నాలుగు రోజుల గడువు ఇవ్వండి. ఆ లోపు పలకకపోతే ఒప్పుకున్నట్టే అని మొదటి కాగితంలోనే రాసుకోవాలి. వద్దంటే కారణం చెప్పాలి, ఇంకో దారి కూడా చూపాలి. వట్టి "వద్దు" చెల్లదు. జ్వరం పెరిగినా, చెయ్యి విరిగినా ఇవేవీ వర్తించవు. ముందు ఆసుపత్రికి వెళ్లండి, అదే రోజు కబురు పెట్టండి.

ఇంకొక్కటి. పిల్లల చేత అడిగించొద్దు. మా బంధువుల ఇంట్లో నా కళ్లతో చూశాను. తొమ్మిదేళ్ల పిల్ల గుమ్మం దగ్గరే నిలబడిపోయింది, చేతిలో ఫీజు చీటీ. "నాన్నా, అమ్మ అడగమంది" అనడానికి దానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆ చీటీ అంచు చుడుతూనే ఉంది. తండ్రి తీసుకునేసరికి అది బీడీ అంత సన్నగా అయింది. ఆయన డబ్బిచ్చాడు. ఆ పిల్ల మాత్రం తర్వాత నెల స్కూల్ టూర్ పేరే ఎత్తలేదు.

నెలాఖరు లెక్క

చివరి తేదీన పుస్తకంలో పేజీ ఫోటో తీసి పంపండి. పదో తేదీ లోపు డబ్బు వేయాలి. చేతికి ఇవ్వొద్దు, ఖాతాకే వేయాలి, నోట్‌లో "అద్దాలు" అని రాయాలి.

మాట నిలబడకపోతే

రెండు నెలలు వరసగా రాకపోతే పుస్తకం, మెసేజ్‌లు పట్టుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. ఫోన్ నంబరు 15100. ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం ఉచితం. వాళ్లు నడిపే రాజీ వేదిక లోక్ అదాలత్‌లో ఒప్పందం కుదిరితే అది సివిల్ కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. కాబట్టి శాతం, తేదీ, 500 పరిమితి అన్నీ అందులో రాయించాకే సంతకం పెట్టండి. భరణం కేసు వేయాల్సి వస్తే, పాత సీఆర్‌పీసీ చట్టంలోని 125 సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి, దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్ష సంహితలోని 144 సెక్షన్ వచ్చింది. ఇద్దరూ ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది, కాబట్టి జీతం దాచడం అంత తేలిక కాదు. "పిల్లలకి ఇకపై ఏమీ అడగను" అని ఎవరు రాయమన్నా రాయకండి. ఆ హక్కు పిల్లలది, మీరు వదులుకోవడానికి కుదరదు.

శాతాన్ని ఏటా మే నెల చివర్లో, బడులు తెరవకముందే మళ్లీ వేసుకోవాలి. మేం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టీ హోటల్లో కూర్చుంటాం, పిల్లలు అమ్మమ్మ ఇంట్లో ఉంటారు. ఇద్దరి జీతం స్లిప్పులు, లాంగ్ బుక్ బల్ల మీద పెడతాం. గంటలోపే అయిపోతుంది. ఆయన మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోతారు.