చేతికుట్టు పుస్తకం – మూడో పాఠం: ఆరుగురు రాసిన ఫారాలు, ఒక్క దారం

మొదటి పాఠంలో కాగితం నార ఏ దిక్కున పోతుందో చూడటం, మడవటం నేర్చుకున్నాం. రెండో పాఠంలో ఒక్క ఫారాన్ని మూడు బెజ్జాలతో కుట్టి చిన్న పుస్తకం చేశాం. (నాలుగు కాగితాలు ఒకదానిలో ఒకటి పెట్టి మడిచిన కట్టను అచ్చుపని చేసేవాళ్లలాగే మనమూ ఫారం అంటున్నాం.) ఈసారి ఆరు ఫారాలను కలిపి కుడతాం. ఒక్కో ఫారాన్ని ఒక్కొక్కరి చేతికిచ్చి, వాళ్లు రాసో, బొమ్మ గీసో, ఫొటో అంటించో తిరిగిచ్చాక అప్పుడు కుడతాం.

ఖాళీ పుస్తకం కుట్టి ఎవరికైనా ఇస్తే ఏమవుతుందో నేను చాలాసార్లు చూశాను. "ఎంత బాగుందో" అంటారు, బీరువాలో దాస్తారు. మొదటి పేజీలో గీత పెట్టడానికి చెయ్యి రాదు. చేతిపని మీద గౌరవంతోనే అలా చేస్తారు, కానీ పుస్తకం మాత్రం ఖాళీగా ఉండిపోతుంది. అదే విడి ఫారం చేతికిస్తే ఆ భయం ఉండదు. అది ఇంకా పుస్తకం కాలేదు కదా! ఒక కాగితం పాడైతే తీసేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. ఇది చెప్పి మరీ ఇవ్వండి, రాసేవాళ్ల చెయ్యి తేలికవుతుంది. కాగితం మార్చేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఫారంలో ప్రతి ఆకుకీ అవతలి సగం ఒకటుంటుంది. 16 పేజీల ఫారంలో 3, 4 పేజీలున్న ఆకు తీసేస్తే 13, 14 పేజీలూ దానితోపాటే పోతాయి. కాబట్టి ముందు అటువైపు ఏముందో చూసి తీయమనండి.

కొలతలు

పూర్తయిన పుస్తకం ఏ5 సైజు. ఫారానికి నాలుగు ఏ4 కాగితాలు, అంటే 16 పేజీలు. ఆరు ఫారాలకు 24 కాగితాలు, 96 పేజీలు. మామూలుగా దొరికే ఏ4 కాగితంలో నార ఎక్కువగా పొడుగు వైపు పోతుంది. దాన్ని సగానికి మడిస్తే మడత నారకు అడ్డంగా పడుతుంది. అలాంటి మడత గరగరలాడుతుంది, పేజీలు తెరిచిన చోట నిలవవు, జిగురు తగిలితే అలలు లేస్తాయి. అందుకే నార పొడుగు వైపు పోయే ఏ3 కాగితాలు 12 తీసుకుని, ఒక్కోదాన్ని రెండు ఏ4 ముక్కలుగా కోయండి. అప్పుడు నార పుస్తకం వెన్నుకు సమాంతరంగా వస్తుంది. ఏ3లోనూ నార ఎటుందో మొదటి పాఠంలో చెప్పినట్టు వంచి చూశాకే కోయండి. కట్ట మీద రాసిన దానికన్నా మీ చేతికి తెలిసిందే నమ్మండి.

ఫొటోలు, ఎండుటాకులు, టికెట్లు అంటించేవాళ్లు ఉంటే వాళ్ల ఫారంలో అదనంగా రెండు పట్టీలు పెట్టండి. ఒక్కో పట్టీ 30 మిల్లీమీటర్ల వెడల్పు, 210 పొడుగు. నిలువుగా సగానికి మడిచి, కాగితాలతోపాటే మడతలో కూర్చోబెట్టి కుట్టాలి. పేజీల మధ్య 15 మిల్లీమీటర్ల తోక మాత్రం కనిపిస్తుంది. చూడ్డానికి ఏమీ అనిపించదుగానీ, అంటించిన వాటి మందానికి వెన్ను దగ్గర చోటిచ్చేవి ఈ పట్టీలే. ఇవి లేకపోతే పుస్తకం ముందువైపు, అంటే పేజీలు తెరుచుకునే అంచున, ఉబ్బి, నోరు తెరుచుకున్నట్టు ఉండిపోతుంది.

బెజ్జాలు ముందా, రాత ముందా?

బెజ్జాలే ముందు. ఇది నాకు ఒక పుస్తకం నేర్పిన పాఠం. బెజ్జాలు పెట్టకుండా ఫారాలు పంచాను. మా నాన్న తన చిన్నప్పటి సంగతులు మడత అంచుదాకా రాశారు. కుట్టే రోజున ఆయన రాసిన ఒక మాట మధ్యలోంచి సూది దించక తప్పలేదు. ఆ పేజీ తెరిచినప్పుడల్లా నా కన్ను ఆ అక్షరం మీదికే పోతుంది. అప్పటినుంచి బెజ్జాలు ముందే పెడుతున్నాను. మడతకు రెండువైపులా 15 మిల్లీమీటర్ల చోట పెన్సిల్‌తో సన్నగీత గీసి, దాని లోపల ఏమీ రాయొద్దని చెబుతున్నాను.

మందపాటి కాగితం పట్టీ ఒకటి 210 మిల్లీమీటర్ల పొడుగున కోసి, నిలువుగా మడిచి, తలవైపు (అంటే పేజీ పై అంచు వైపు) బాణం గుర్తు వేయండి. తల నుంచి 20, 75, 135, 195 మిల్లీమీటర్ల దగ్గర చుక్కలు పెట్టండి. చివర 15 వదిలి తల దగ్గర 20 ఎందుకు వదిలామంటే, ఏ ఫారమైనా తలకిందులైతే ఆ చివరి బెజ్జాలు మిగతావాటితో కలవవు. తప్పు కుట్టకముందే కంటికి తగులుతుంది. రెండువైపులా సమానంగా పెడితే ఈ మేలు ఉండదు.

లావుపాటి పుస్తకం ఒకటి మధ్యకు తెరిచి, ఆ లోయలో ఫారాన్ని తెరిచి పడుకోబెట్టండి. కొలత పట్టీని మడతలో పెట్టి, సూదికన్నా ఒక్క పిసరు లావున్న మొనతో లోపలినుంచి బయటకు పొడవండి. మొన సరిగ్గా మడత గీత మీదే బయటపడాలి. వెనక్కి తిప్పి చూడండి. పక్కకు జారితే ఆ కాగితాలు వదిలేసి కొత్తవి తీసుకోవడమే మంచిది, ఎందుకంటే కుట్టు బిగించినప్పుడు మొదట చిరిగేది అక్కడే.

తర్వాత మధ్యలో ఉన్న రెండు బెజ్జాల్లోంచి మాత్రం ఒక దారం పోనిచ్చి, బయట జారుముడి వేసి ఇవ్వండి. కాగితాలు విడిపోవు, వరస తప్పవు. కాగితం మార్చాలంటే ముడి లాగితే చాలు. ప్రతి కాగితం మూలన పెన్సిల్‌తో చిన్న అంకె వేయడం కూడా మరవొద్దు.

ఇచ్చేటప్పుడు చెప్పాల్సినవి ఇంకా రెండున్నాయి. ప్లాస్టిక్ టేపు వాడొద్దని గట్టిగా చెప్పండి. కొన్నేళ్లకు అది పచ్చబడుతుంది, జిగురు అంచుల్లోంచి కారి పక్క పేజీని పట్టుకుంటుంది. మైనపు రంగులతో, మెత్తని పెన్సిల్‌తో వేసిన బొమ్మకు ఎదురుగా ఒక పల్చని కాగితం పెట్టమనండి, లేకపోతే బొమ్మ నీడ ఎదుటి పేజీ మీద పడుతుంది. ఏం రాయాలో మాత్రం చెప్పొద్దు. ఒకరు 16 పేజీలూ నింపుతారు, ఒకరు నాలుగు వాక్యాలు రాసి ఆపేస్తారు. పసిపిల్లలు వేసిన పిచ్చిగీతల పేజీని "శుభ్రంగా" మళ్లీ వేయించడం నాకు అసలు ఇష్టం ఉండదు. పదేళ్ల తర్వాత అందరూ ముందు తెరిచేది ఆ పేజీయే.

కుట్టు

దారం లినెన్‌ది అయితే మేలు. రీలు మీద 18/3 అని ఉండేది ఈ సైజుకు సరిపోతుంది. 18 అనేది పోగు సన్నదనం, 3 అనేది ఎన్ని పోగులు పేనారన్నది. 1.75 మీటర్లు కోసి, తేనెమైనం ముద్ద మీద రెండుసార్లు లాగండి. మైనం పట్టిన దారం చిక్కుపడదు, వేసిన ముడి జారదు. సూది మొన మొద్దుగా ఉండాలి. పదునైన సూది ముందే ఉన్న బెజ్జాన్ని వదిలి కొత్తది పొడుస్తుంది, ఒక్కోసారి పాత దారాన్నే చీలుస్తుంది.

తిరిగొచ్చిన ఫారాల జారుముడులు విప్పి, వరస పెట్టుకోండి. బాగా లావెక్కినవి మధ్యలో ఉంటే అట్టలు వంగవు.

మొదటి ఫారాన్ని బల్ల అంచున, వెన్ను మీవైపు ఉండేలా పెట్టండి. మొదటి పేజీ బల్లను చూడాలి, తల కుడిచేతి వైపు ఉండాలి. తల దగ్గరి బెజ్జం ఒకటోది, ఎడమ చివరిది నాలుగోది. బయటినుంచి ఒకటో బెజ్జంలోకి సూది దించి, పది సెంటీమీటర్ల తోక వదలండి. లోపల రెండోదాకా వెళ్లి బయటకు, బయటినుంచి మూడోదాకా వెళ్లి లోపలికి, నాలుగోదాంట్లోంచి మళ్లీ బయటకు. వెన్ను మీద రెండో, మూడో బెజ్జాల మధ్య ఒక పొడుగు కుట్టు కనిపిస్తుంది. దాన్నే పట్టుకుని రెండో ఫారం నిలబడుతుంది.

రెండో ఫారాన్ని పైన పెట్టి, దాని నాలుగో బెజ్జంలోకి వెళ్లండి. లోపల మూడోదాకా వచ్చి బయటకు రండి. కింది ఫారం పొడుగు కుట్టు వెనకనుంచి సూది పోనిచ్చి, బయటకు వచ్చిన బెజ్జంలోకే తిరిగి వెళ్లండి. ఇది లంకె. రెండో బెజ్జం దగ్గరా ఇంతే. ఒకటో బెజ్జంలోంచి బయటకొచ్చాక దారం బిగించి, మొదట వదిలిన తోకతో రెండు ముడులు వేయండి.

బిగించడం గురించి ఇక్కడ ఆగి చెప్పాలి. దారాన్ని మీవైపుకు లాగితే కాగితం చీలుతుంది. ఎప్పుడూ వెన్ను వెంబడే, కుట్టు పోతున్న దిక్కునే లాగాలి. ఎంత బిగువు? ఫారాలు ఒకదాన్నొకటి ఆనుకుని, వేలితో తోస్తే కదలనంత. కాగితంలో దారం దిగబడిపోతుంటే ఎక్కువైనట్టు. మొదటి రెండు మూడు ఫారాలకు చెయ్యి తడబడుతుంది, నాలుగోదానికి ఆ బిగువు వేళ్లకు తెలిసిపోతుంది.

మూడో ఫారం ఒకటో బెజ్జంతో మొదలవుతుంది. లోపల రెండోదాకా వెళ్లి బయటకు రండి. ఇప్పుడు కింద పట్టుకోవాల్సింది పొడుగు కుట్టును కాదు, మొదటి రెండు ఫారాలను కలిపిన లంకెను. సూదిని దాని వెనకనుంచి పోనిచ్చి, మళ్లీ అదే బెజ్జంలోకి. మూడో బెజ్జం దగ్గరా ఇంతే. సూదిని కుడినుంచి ఎడమకు పోనిస్తే పుస్తకమంతా అలాగే పోనివ్వండి, అప్పుడే వెన్ను మీద జడ అల్లినట్టు ఒకే తీరు గొలుసు వస్తుంది. నాలుగో బెజ్జంలోంచి బయటపడ్డాక ఆ చివర ముడి వేయాలి. దీన్ని కెటిల్ కుట్టు అంటారు. మొదటి రెండు ఫారాలను ఆ చివర కలిపిన దారం వెనకనుంచి సూది పోనిచ్చి, పూర్తిగా లాగకముందే ఏర్పడిన ఉచ్చులోంచి సూదిని పైకి తీసి బిగించండి. అక్కడినుంచి నాలుగో ఫారం నాలుగో బెజ్జంలోకి. ఆపైన ఐదు, ఆరు ఫారాలకూ ఇదే వరస, ప్రతిసారీ ఒక్క మెట్టు కిందున్న లంకెను పట్టుకోవడమే. ఆరో ఫారం ఒకటో బెజ్జం దగ్గర ముగుస్తుంది. అక్కడ కెటిల్ ముడి రెండుసార్లు వేసి, అదే బెజ్జంలోంచి లోపలికి వెళ్లి, లోపలి కుట్టుకు ముడివేసి, ఒక సెంటీమీటరు వదిలి కోయండి.

వెన్నుకు అడ్డంగా తాడుగానీ పట్టీగానీ లేకుండా, లంకెలతోనే ఫారాలు నిలబెట్టే ఈ పద్ధతి చాలా పాతది. ఇలా కుట్టిన సెయింట్ కత్బర్ట్ సువార్త అనే చిన్న పుస్తకం 8వ శతాబ్దం తొలినాళ్లది. 138 మిల్లీమీటర్ల పొడుగు, 92 వెడల్పు, అంటే అరచేతిలో ఇమిడేంత. 1104లో ఇంగ్లండులో కత్బర్ట్ అనే క్రైస్తవ సాధువు శవపేటిక తెరిచినప్పుడు అందులో దొరికింది. దాన్ని 2012లో బ్రిటిష్ లైబ్రరీ 90 లక్షల పౌండ్లకు కొన్నది. అసలు బైండింగు ఇప్పటికీ దానికే ఉంది. ఇంచుమించు పదమూడు వందల ఏళ్ల కిందటి చేతులు ఈ లంకెనే వేశాయన్న సంగతి కుట్టేటప్పుడు నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది.

కుట్టు పూర్తయిన కట్టను రెండు చదునైన పలకల మధ్య పెట్టి, పైన బరువు ఉంచి ఒక రోజు వదిలేయండి. వెన్ను వైపు కొంచెం లావుగా కనిపిస్తే కంగారుపడకండి. ప్రతి మడతలోనూ దారం ఉంది కాబట్టి అలా ఉంటుంది. ముందువైపు అంటించిన ఫొటోల మందానికి ఆ లావే జోడవుతుంది.

నాలుగో పాఠానికి 2 మిల్లీమీటర్ల మందం అట్టలు రెండు కావాలి, ఒక్కోటి 216 పొడుగు, 152 వెడల్పు, నార నిలువుగా ఉండాలి. బరువు తీశాక వెన్ను మందం మూడు చోట్ల కొలిచి రాసిపెట్టుకోండి. తల దగ్గర, మధ్యలో, అడుగున. మూడూ ఒకేలా రాకపోతే వాటిలో పెద్దదాన్నే తీసుకుంటాం.