మత చరిత్ర చదవడం ఎలా? 5వ పాఠం: ముందు కాగితం తేదీ

పోయిన పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన జవాబులన్నీ చదివాను. అమెరికాలో మోర్మన్ సంఘాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్, కుర్రతనంలో దేవుడు తనకు కనిపించాడని చెప్పిన ‘మొదటి దర్శనం’ గురించి ఆయన స్వయంగా రాసిన, చెప్పి రాయించిన నాలుగు కథనాలను పక్కపక్కన పెట్టి చూడమన్నాను. కొందరు తేడాలు కనబడగానే ‘అంతా కల్పన’ అని తేల్చేశారు. ఇంకొందరు నాలుగింటినీ కలిపి, ఎక్కడా లేని ఐదో కథనం తయారు చేశారు. రెండూ తీర్పులే. మనం ఇంకా తీర్పు దాకా రాలేదు. అందుకని మోర్మన్లు యూటాకు వలస వెళ్లిన పాఠాన్ని వాయిదా వేసి, ఈసారి కూడా ఇక్కడే ఆగుతున్నాం.

స్మిత్ పెరిగిన పల్మైరా ఎక్కడుంది, అక్కడ ఉజ్జీవ సభలు (జనంలో భక్తి రగిలించే సభలు) ఎలా జరిగేవి అన్నది మళ్లీ చెప్పను. సమస్య అక్కడ లేదు.

సమస్య ఈ వాక్యంలో ఉంది: ‘1820లో స్మిత్ ఇలా అన్నాడు.’ దాదాపు అందరి జవాబుల్లోనూ ఇది ఉంది. 1820లో ఆయన అన్న మాట మన చేతిలో ఒక్కటీ లేదు. దర్శనం జరిగిందని తర్వాత చెప్పిన సంవత్సరం అది. మన దగ్గర ఉన్నవి 1832, 1835, 1838-39, 1842 నాటి కాగితాలు. ప్రతి కాగితమూ తను పుట్టిన రోజుకే మొదటి సాక్షి. ఆ తర్వాతే అది చెబుతున్న రోజుకు సాక్షి. ఇది చిన్న విషయమని దాటేస్తే మిగతా చదువంతా తప్పుదారి పడుతుంది కాబట్టి, విసుగొచ్చినా సరే వివరంగా చెబుతాను.

1832 కాగితం ఒహాయోలోని కర్ట్‌లాండ్‌లో పుట్టింది. అప్పటికి మోర్మన్ సంఘానికి రెండేళ్లు. దర్శనం గురించి స్మిత్ సొంత చేతిరాతలో మిగిలిన కథనం ఇదొక్కటే. ఇందులో కనిపించే కుర్రాడికి తన పాపాల దిగులే పెద్దది. ‘ప్రభువును’ చూశానంటాడు, పాపక్షమాపణ దొరికిందంటాడు. క్రైస్తవ సంఘాలన్నీ దారి తప్పాయని లేఖనాలు (బైబిల్) చదివి ముందే తెలుసుకున్నానంటాడు. వయసు పదహారో ఏడు.

1838లో మొదలుపెట్టి 1839లో ఇప్పుడున్న రూపానికి తెచ్చిన కథనం చూడండి. వయసు పదిహేనో ఏడు. ఇద్దరు దివ్యపురుషులు. అడిగిన ప్రశ్న: ఏ సంఘంలో చేరాలి? జవాబు: దేంట్లోనూ చేరొద్దు. సంఘాలన్నీ తప్పేనన్న ఆలోచన అంతకుముందు తన మనసులోకే రాలేదంటాడు. 1832 మాటకు ఇది నేరుగా ఎదురు.

ఇప్పుడు 1838 చుట్టూ ఏముందో చూడండి. అంతకు ముందు ఏడాది కర్ట్‌లాండ్‌లో సంఘం పెట్టుకున్న బ్యాంకు కూలింది. దగ్గరివాళ్లే విడిపోయారు. స్మిత్ మిస్సోరి చేరాడు. ఆ అక్టోబరు 27న గవర్నర్ బాగ్స్, మోర్మన్లను నిర్మూలించాలి లేదా రాష్ట్రం నుంచి తరిమేయాలి అని ఉత్తర్వు ఇచ్చాడు. తనమీద దుర్బుద్ధితో పుట్టించిన పుకార్లకు జవాబుగా రాస్తున్నానని స్మిత్ ఈ కథనం మొదట్లోనే అంటాడు. చిన్నపిల్లాడినని కూడా చూడకుండా పెద్దలు నన్ను వేధించారన్న బాధ ఆ పేజీలనిండా ఎందుకుందో అర్థమైంది కదా. 1842 కథనం షికాగో పత్రిక సంపాదకుడు వెంట్‌వర్త్ అడిగితే రాసిచ్చింది. బయటివాళ్లకు పరిచయం కాబట్టి పొట్టిగా ఉంది, దర్శనం చెప్పే భాగంలో వేధింపుల ఊసు తగ్గింది. 1835ది ఇంటికొచ్చిన ఓ అతిథితో మాట్లాడుతుంటే లేఖకుడు రాసుకున్నది. దాన్ని వదిలేస్తున్నాను, మీరే చూడండి.

సందర్భం తెలిసింది కాబట్టి తేడా మాయమైందని మాత్రం అనుకోవద్దు. ఒకరా, ఇద్దరా అన్నది నిజమైన తేడా. దాన్ని నున్నగా చేయొద్దు, ఆయుధంగానూ ఎత్తొద్దు. నోట్సులో అలాగే ఉంచండి.

మూడో తేదీ కూడా ఉంది: అచ్చయిన తేదీ, లేదా బయటపడిన తేదీ. 1832 కాగితం 1960ల మధ్య దాకా బయటి పాఠకులకు తెలియదు. దర్శనం కథను మొదట అచ్చువేసింది స్మిత్ కాదు, 1840లో ఎడిన్‌బరోలో మిషనరీగా ఉన్న ఆర్సన్ ప్రాట్. 1838-39 కథనానికి సంఘం లేఖన హోదా, అంటే పవిత్ర గ్రంథంలో చోటు, ఇచ్చింది 1880లో. మరి 1830లో చేరినవాళ్లు ఏం చదివి చేరారు? వాళ్ల చేతిలో ఉన్నది ఆ ఏడాదే పల్మైరాలో 5,000 ప్రతులు అచ్చయిన మోర్మన్ గ్రంథం, అంటే స్మిత్ వెలువరించిన సంఘం పవిత్ర గ్రంథం. ఈ ఒక్క ప్రశ్న తట్టిందంటే తేదీల మీద పెట్టిన శ్రమకు ఫలితం దక్కినట్టే.

నా పద్ధతి ఇది: సంపాదకుల ముందుమాట ముందు చదవను. పేజీ పైన ఎర్ర పెన్సిల్‌తో మూడు తేదీలు వేస్తాను. జరిగింది, రాసింది, బయటికొచ్చింది. మూడూ పడేదాకా నోట్సు మొదలుపెట్టను. ఆత్మకథల కన్నా ఉత్తరాలే నాకిష్టం.

మన దగ్గరి ఉదాహరణ ఒకటి. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కథ అందరికీ తెలిసిందే. ఆయన 1910లో పోయారు. ఆత్మకథ 1914లో, భార్య ఎమ్మా చేతిమీదుగా వచ్చింది. కరువు రోజుల్లో బాప్తిస్మాలు కావాలనే ఆపాననీ, తిండి కోసం ఎవరూ చేరకూడదనీ అందులో ఉంది. ఆ మాట నిజం కావచ్చు. కానీ అది అన్నం కోసం మతం మారారన్న నిందకు ఏళ్ల తర్వాత ఇచ్చిన జవాబు కూడా. ముందే మారిన మాదిగ పెద్ద యర్రగుంట్ల పేరయ్య మాటలు మనకు ఎక్కువగా మిషనరీల రాతల్లోంచే వస్తాయి. ఆ లోటు మార్జిన్లో రాసుకోండి.

అభ్యాసం. జోసెఫ్ స్మిత్ పత్రాల బొమ్మలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. 1832, 1838-39 కథనాలు పూర్తిగా చదవండి, సారాంశాలతో సరిపెట్టొద్దు. తర్వాత ఒక పేజీ రాయండి. ప్రతి వాక్యంలోనూ కాగితం సంవత్సరం ఉండాలి. ‘నిజానికి’, ‘అసలు జరిగింది’ అన్న మాటలు వాడకూడదు. ఒంగోలు, నెల్లూరు, గుంటూరు వైపువాళ్లు అదనంగా ఇంకొకటి చేయండి: మీ ఇంట్లోనో పక్కింట్లోనో పెద్దవాళ్లు తమ కుటుంబం క్రైస్తవంలోకి వచ్చిన కథ చెబితే రాసుకోండి. ఎప్పుడు జరిగింది, వాళ్లు ఎవరి నోట ఎప్పుడు విన్నారు, మీకు ఏ రోజు చెప్పారు అన్న మూడు తేదీలూ కథకు ముందే పెట్టండి. తేదీ సరిగా తెలియకపోతే ‘ఫలానా పెళ్లికి ముందు’ అన్నా చాలు.